రామాంజినమ్మ మెత్తటి పిండి

ముందు చప్పుడు వినిపిస్తుంది. రేకు మీద కర్ర చప్పుడు. టక్. టక్. టక్కుటక్.

పిండి మిషను హోరు ఊరికి అలవాటే. కురవని మబ్బు దూరంగా ఉరిమినట్టు అది పొద్దంతా వీధి మీద పరుచుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ కర్ర చప్పుడు మాత్రం వేరు. మిషను నెత్తిన గింజలు పోసే రేకు డబ్బా ఉంటుంది. గింజలు అడ్డం పడి దిగకపోతే దాన్ని కర్రతో తట్టాలి. మెల్లగా తడితే చాలు. ఆమె మెల్లగా తట్టదు. నెత్తిన గంపలు పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు వీధి మలుపులో ఆగి చెవి పెడతారు. కర్ర నిదానంగా పడుతుంటే ముందుకు నడుస్తారు. డబ్బా సొట్టలు పడేటట్టు పడుతుంటే "ఈ పొద్దు ఎవురికో మూడింది" అని నవ్వుకుని, గంప అరుగు మీద దించి కాసేపు కూర్చుంటారు.

ఆ తర్వాత ఆమె కనిపిస్తుంది. పిండి పొగలోంచి మొదట కండ్లు, తర్వాత ముక్కుపుడక, ఆ తర్వాత మనిషి. కనుబొమ్మలు తెల్లగా, రెప్పలు తెల్లగా, తలకు కొంగు చుట్టుకుని, ఈ మండుటెండల సీమలో తానొక్కతే మంచులో నడిచి వచ్చినట్టు ఉంటుంది రామాంజినమ్మ.

"ఎట్ల కావల్ల? మెత్తగానా, రవ్వగానా? నోరు తెరిచి చెప్పు, మిషను ఊరికే తిరుగుతాండాది."

ఎవరొచ్చినా ఆమె పలకరింపు ఇదే.

ఉరవకొండకు ఆవల, గాలిమరలు తిరిగే గుట్టల కింద ఆ ఊరు. మిషను ఆమె మామది. ఆమె గుమ్మఘట్ట పక్కనుంచి కోడలుగా వచ్చిన కొత్తలో, మిషను గదిలోకి తొంగిచూస్తేనే ఆయన కసిరేవాడు. కానీ పిండి పట్టడం చెవులతో చేసే పని. చక్రం బిగించి రాళ్ళు దగ్గర చేస్తే మిషను గొంతు సన్నబడి తుమ్మెద పాడినట్టుంటుంది. దూరమైతే పటపటమని పేలాలు వేగినట్టుంటుంది. మామకు చెవులు మందగించాక ఆ తేడా తెలియకుండా పోయింది. గడప అవతల నిలబడి కోడలు "మామా, చక్రం బిగించు" అనేది, "మామా, వదులు చెయ్" అనేది. ఒకరోజు ఆయన విసుగొచ్చి కర్ర ఆమె చేతిలో పెట్టి బయటికి వచ్చేశాడు. ఆ కర్ర మళ్ళీ ఆయన అడగలేదు.

ఆమె మొగుడు కుళ్ళాయప్పకు ఆ హోరంటే తలనొప్పి. ఆయనకు పశువులంటే ప్రాణం. ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. ఆయన ఎత్తాల్సిన గొంతు కూడా కలిపి ఆమే ఎత్తుతుందని ఊళ్ళో అనుకుంటారు.

రామాంజినమ్మకు ఉన్న గర్వం ఒకటే, మెత్తన. గొట్టం కింద పడే పిండిని చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తుంది. వేలికి గరుకు తగిలితే చక్రం ఇంకాస్త బిగిస్తుంది. రాగులు కానీ, జొన్నలు కానీ, కొర్రలు కానీ, ఆమె మిషన్లో పడితే ముఖానికి పూసుకునే పౌడరు లాగా బయటికి రావాల్సిందే. ఆ పిండితో చేసిన సంగటి ముద్ద గొంతులో తనంతట తానే జారిపోతుంది. పండ్లు లేని ముసలివాళ్ళకు, బాలింతలకు, జ్వరమొచ్చినవాళ్ళకు రామాంజినమ్మ మిషను పిండే కావాలని పక్క ఊళ్ళనుంచి కూడా గంపలు వచ్చేవి. మెత్తగా పెట్టడమంటే ప్రేమగా పెట్టడమని ఆ ఊళ్ళన్నీ నమ్ముతాయి. ఆమెకూ అందులో అనుమానం ఏనాడూ రాలేదు. ఆవు విషయంలో దెబ్బతిన్నది అక్కడే.

ఆవు పేరు చుక్క. నల్లటి ఒంటి మీద నుదుట ఒక్కటే తెల్ల మచ్చ. సంకరజాతిది. వానలు ముఖం చాటేసిన ఏళ్ళలో చేను పండదు, చేను పండకపోతే మిషనుకు గింజలు రావు. మిషను మీద వచ్చేది కరెంటు బిల్లుకే సరి. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదంటే చుక్క పొదుగు వల్లే. రెండో ఈత ఈనినప్పుడు కుళ్ళాయప్ప దూడను తుడుస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రామాంజినమ్మ జున్ను వీధంతా పంచి, "ఇంగ ఈ ఇంటికి పెద్దదిక్కు ఇదే. మనమంతా దీని కింద పనోళ్ళం" అంది.

పెద్దదిక్కుకు కుళ్ళాయప్ప జొన్నలు నానబెట్టి, అట్లనే గింజలుగా బానలో పోసేవాడు. ఆవు ఆబగా తినేది. ఒకనాడు పొద్దున్నే పేడ తీస్తూ రామాంజినమ్మ ఆగిపోయింది. పేడ నిండా జొన్నలు. ఎవరో ముత్యాలు చల్లినట్టు, ఒక్కొక్క గింజా చెక్కు చెదరకుండా, పొద్దుటి ఎండలో మెరుస్తూ ఉంది. నాలుగు కోళ్ళు పండగ చేసుకుంటున్నాయి.

"ఓయ్ మనిషీ! ఇట్ల రా. వచ్చి చూడు నీ మేపకం!"

కుళ్ళాయప్ప వచ్చి చూసి, "కోళ్ళు బాగా బలిసినాయి గదా అనుకుంటి" అన్నాడు.

"కోళ్ళకు పెట్టాలంటే కోళ్ళకే పెట్టు. మధ్యలో ఈయమ్మకు యాలప్పా శ్రమ? ఊరందరి గింజలూ నేను పిండి చేస్తాండా, నా ఆవు గింజలు మింగి గింజలే ఏస్తాందా? ఎవురన్నా చూస్తే నా మిషను పరువుండాదా?"

ఆ పూటనుంచి చుక్క దాణా మిషనుకెక్కింది. మొదట రవ్వగా పట్టింది. పేడలో ముక్కలు కనపడ్డాయి. చక్రం బిగించింది. పేడను పుల్లతో కదిలించి చూసింది, ఇంకా చిన్న చిన్న పలుకులు. ఆమెకు ఒళ్ళు మండింది. ఉన్న కాస్త జొన్న దుమ్ములో కలుస్తుంటే ఎవరికి మండదు? అదే నెలలో ఉలితో గాట్లు పెట్టి రాళ్ళకు కక్కు కొట్టేవాడు ఊళ్ళోకి వస్తే, రెండు రాళ్ళకూ కొత్తగా కక్కు కొట్టించింది. ఇక చూసుకోండి. చక్రం చివరిదాకా బిగిస్తే పిండి గొట్టంలోంచి పడదు, పొగలాగా దిగుతుంది. పేడలో గింజ కాదు కదా, గింజ నీడ కూడా లేదు.

ఆ ఏడు జొన్న కంకి పాలు పోసుకునే వేళకు వాన మొండిచెయ్యి చూపింది. గింజ పట్టని కంకులు కోసి సొప్పగానే మేపారు. ఇంట్లో జొన్న అడుగంటాక రామాంజినమ్మ స్టోరు బియ్యం, గోధుమలు కలిపి పట్టింది. కుళ్ళాయప్ప ఆ పిండిని వేడినీళ్ళలో సంగటిలాగా కెలికి, బెల్లం ముక్క వేసి, చల్లార్చి, ముద్దలు చేసి తన చేత్తో పెట్టేవాడు. సొప్పకట్ట పక్కన పడివుండేది. ఇంత కమ్మటిది దొరుకుతుంటే ఎండు సొప్ప ఎవరు నములుతారు?

మొదట్లో పాలు పెరిగాయి. రామాంజినమ్మ ఊరుకుంటుందా? మిషను దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. ఊళ్ళో పెద్ద కమతం వాళ్ళ ఇంటావిడ నారాయణమ్మ తన గేదెలకు మొక్కజొన్నలు పంపించి, "నీ ఆవుకు పట్టినట్టే నా ఎనుములకూ పట్టియ్యి రామాంజీ" అంది. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా పంపించారు. పశువుల దాణాకు పౌడరు చేయించడం ఆ వీధిలో ఒక మోజైపోయింది.

తర్వాత పాల కేంద్రం దగ్గర గొడవ. పాలు కొలిచే హేమలత చిన్న గాజుగొట్టంలోకి చూసి, మళ్ళీ చూసి, "ఏం పిన్నీ, ఫ్యాట్ పడిపోయింది? నీళ్ళు గీళ్ళు..." అని నసిగింది.

"నీళ్ళా? ఈ ఊర్లో తాగేదానికే నీళ్ళు ట్యాంకరులో వస్తాండాయి, పాలల్లో కలిపేంత ధర్మాత్మురాలు ఎవురమ్మా ఈడ? నీ గొట్టం పగిలిందేమో చూసుకో!"

"గొట్టం బాగానే ఉండాది పిన్నీ. అందరి పాలకూ బాగానే చూపిస్తాండాది."

"అయితే నా పాలంటే దానికి కోపమేమో అడుగు!"

ఆమె ఖాళీ క్యాను ఊపుకుంటూ వచ్చేసింది. దారి పొడుగునా కనపడిన వాళ్ళందరికీ జరిగింది చెప్పింది. చెప్పిన కొద్దీ కోపం పెరిగింది. ఇంటికొచ్చి గాటిపాటలోకి పోయింది, పశువును కట్టేసే ఆ చీకటి మూలలోకి.

చుక్క బానవైపు చూడటం లేదు. కుళ్ళాయప్ప ముద్ద పట్టుకుని దాని మూతి దగ్గర పెడుతున్నాడు, అది మొహం తిప్పుకుంటున్నది. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి బరువు మారుస్తున్నది, నేల కాలుతున్నట్టు. వెనక పేడ పలచగా, బూడిదరంగులో, పైన నురగ కట్టి ఉంది. పులిసిన వాసన. అన్నిటికంటే ముఖ్యంగా దవడ ఆగిపోయింది. ఎప్పుడూ ఏదో పాత సంగతి గుర్తు చేసుకుంటున్నట్టు మెల్లగా ఆడే ఆ దవడ, ఇప్పుడు ఎవరో తాళం వేసినట్టు మూసుకుని ఉంది.

"ఎప్పటినుంచి నెమరేయడంలే?"

"ఏమో. నేను చూడలే."

"నువ్వు చూడక ఎవురు చూస్తారు? పొద్దస్తమానం దాని ముఖమే గదా చూస్తాండేది!"

"ముద్ద తింటాందా లేదా అనే చూస్తిని" అన్నాడు కుళ్ళాయప్ప నేల చూపులు చూస్తూ.

ఊరు వచ్చి గాటిపాట నిండింది. ఒకరు దిష్టి అన్నారు. నారాయణమ్మ ఎండుమిరపకాయలు తెచ్చి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది, అందరూ దగ్గారు, ఆవు తప్ప. "చూసినావా? ఆవుకు ఘాటు తగల్లే. గట్టి దిష్టే" అని తేల్చింది. ఇంకొకరు నీరసం అన్నారు, గట్టిగా పెట్టమన్నారు. ఆ మాట కుళ్ళాయప్పకు నచ్చింది. ఇంకా మెత్తగా, ఇంకా పలచగా సంగటి కాచి, వెదురు గొట్టంతో దాని గొంతులో పోశాడు. తెల్లారేసరికి చుక్క లేవలేదు. డొక్క ఉబ్బి, కండ్లు లోపలికి పోయి, తల పక్కకు తిప్పి తన పొట్టనే చూసుకుంటూ పడుకుని ఉంది.

జాకబ్ మోటారుసైకిలు మీద వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పశువులకు సూదులు వేస్తాడు, మొదటి వైద్యం చేస్తాడు. చేతికందని దానికి ఉరవకొండ డాక్టరుకు ఫోను చేస్తాడు. పెద్ద నవ్వు మనిషి. ఆ పొద్దు వచ్చేటప్పుడు నవ్వలేదు. ఆవు ఎడమ డొక్కలో పిడికిలి పెట్టి నొక్కాడు, అట్లనే పట్టుకుని కాసేపు ఉన్నాడు. లోపల ఏదన్నా కదులుతుందేమోనని వింటున్నట్టు కండ్లు మూసుకున్నాడు. ఏమీ కదల్లేదు. చెవి ఆనించాడు. పిండిముద్ద మీద నొక్కినట్టు డొక్కలో పిడికిలి గుంట అట్లనే నిలిచింది.

"ఏం పెడతాండావు కుళ్ళాయప్పన్నా?"

"సంగటి."

"మనుషులు తినేదానికి గాదు, ఆవుకు."

"ఆవుకే సంగటి."

జాకబ్ ఆమె వైపు తిరిగాడు. "పిండి చూపించక్కా."

రామాంజినమ్మ డబ్బా తెచ్చింది. ఆ కష్టంలో కూడా ఆమెలో ఒక మూల గర్వం ఉంది. జాకబ్ అరచేతిలో కాస్త పోసుకుని ఉఫ్ అని ఊదాడు. అరచెయ్యి ఖాళీ. పిండి గాల్లో, కిటికీలోంచి పడే ఎండలో, చాలాసేపు దిగకుండా తేలింది.

"ఏమక్కా, ఇది ఆవుకా, పెండ్లికూతురికా?"

"ఎగతాళి మాను. ఏమైందో చెప్పు."

"దోసె పిండి రుబ్బి పెడితే ఎట్ల పులుస్తాది?"

"పొద్దునకు పొంగుతాది."

"గింజలట్లనే నానబెడితే?"

"పులిసేదానికి ఇంకా శానా సేపు పడతాది. ఈ ప్రశ్నలన్నీ యాలప్పా, నాకు వంట నేర్పిస్తాండావా?"

"ఆవు పొట్ట ఒక పెద్ద దోసెపిండి గిన్నె అనుకో. దాంట్లో పురుగుకంటే చిన్న ప్రాణులు కోట్లు ఉంటాయి, మేసిందాన్ని పులియబెట్టి దానికి బలం చేసి ఇస్తాయి. నిదానంగా పులిస్తే అది మేలు. నువ్వు పోసింది పౌడరు. పడీపడగానే పొంగింది. దాంట్లోనూ బియ్యం, గోధుమ. అవి జొన్న, మొక్కజొన్న మాదిరి నిదానం గాదు, ఉరుకుతాయి. అంతా ఒకేసారి పులిసి కడుపు పుల్లటి కుండ అయిపోయింది. దాంట్లో ఉండే ప్రాణులు చచ్చినాయి. ఇంగేం అరుగుతాది?"

"మరి గింజలట్లనే పెడితే పేడలో పడలేదా? నా కండ్లతో చూసినా!"

"పడతాయి. జొన్నకు పైన గట్టి తోలు. నమలకుండా మింగితే ఆ తోలు తీసేవాళ్ళు లోపల ఎవురూ లేరు."

"గింజ పెడితే పేడలో పడతాదంటావు, పిండి పెడితే కడుపు పులుస్తాదంటావు! మరి ఏం పెట్టి చావల్ల? చిత్రపటం గీసి పెట్టనా?"

అప్పుడు జాకబ్ నవ్వాడు. "పగలగొట్టి పెట్టు. ఒక గింజ మూడు నాలుగు ముక్కలైతే చాలు. ఉప్మా రవ్వ కంటే లావు. దానికి ముందు సొప్ప. వేలంత పొడుగన్నా ఉండల్ల, నమలాల్సొచ్చేటట్టు. ఆవు నోట్లోనే సోడా ఉండాదక్కా. నెమరేసినప్పుడు ఊరే ఎంగిలే ఆ సోడా. అది దిగితేనే పులుపు విరుగుతాది. మెత్తటి పిండికి నెమరేసే పనేముండాది? మింగేసేదే. పాలల్లో వెన్న పోయింది కూడా అందుకే."

హేమలత గొట్టం పగల్లేదన్న మాట. రామాంజినమ్మ దాన్ని మింగలేక మింగింది.

జాకబ్ డాక్టరుకు ఫోను చేసి, ఆయన చెప్పినట్టే సూది వేశాడు. తినే సోడా నీళ్ళలో కలిపి, తల ఎత్తి పట్టి, పొరబోకుండా కొంచెం కొంచెం పోశాడు. "పిండి అనేది దీని దగ్గరికి రాగూడదు. సొప్ప ముందరుంచండి. నెమరేసిందంటే బతికినట్టే. వేయకపోతే..." అన్నాడు. మిగతాది మోటారుసైకిలు చప్పుడులో కలిపేసి వెళ్ళిపోయాడు.

ఆమె నేరుగా మిషను గదిలోకి నడిచింది. చక్రం వదులు చేసింది. గాదె అడుగున మిగిలిన జొన్నలు ఊడ్చి డబ్బాలో పోసింది. కొత్తగా కక్కు కొట్టిన రాళ్ళు ఆమె మాట వినలేదు. కాస్త వదిలితే సగం పౌడరు, ఇంకాస్త వదిలితే సగం గింజ. మెత్తదనం నేర్పించింది తానే, ఇప్పుడు మరిచిపొమ్మంటే మరుస్తాయా? డబ్బాను కర్రతో బాదింది. రాళ్ళను తిట్టింది, కక్కు కొట్టినవాణ్ణి తిట్టింది, వాణ్ణి ఊళ్ళోకి రానిచ్చిన సర్పంచిని తిట్టింది. కరెంటు పోయింది. కరెంటు వాళ్ళను తిట్టింది. వచ్చాక మళ్ళీ మొదలుపెట్టింది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య రుద్దినప్పుడల్లా గరుకు తగిలితే చెయ్యి తనంతట తానే చక్రం బిగించడానికి పోతున్నది. "ఉండవే!" అని తన చేతినే కసిరింది. సాయంత్రానికి ఎట్లనో పటపటమని పేలాల చప్పుడు కుదిరింది. గొట్టం కింద విరిగిన జొన్న పడింది, తెల్లటి లోపలిభాగం బయటపెట్టి, పిల్లల పాలపండ్లలాగా.

సరిగ్గా అప్పుడే నారాయణమ్మ వచ్చింది, పనిమనిషి నెత్తిన మొక్కజొన్నల గంపతో.

"ఎనుములకు రామాంజీ. ఎప్పటి మాదిరే, పౌడరు."

"పౌడరు పట్టను అక్కా. ఇట్ల పడతా." దోసెడు ముక్కలు చూపించింది.

నారాయణమ్మ చూసి మూతి విరిచింది. "ఇదేం పని? రాళ్ళు అరిగిపోయినాయని చెప్పు, నేనేం అనుకోను."

"మొన్న కొట్టించినా కక్కు! ఎనుము కడుపు పులుస్తాదక్కా."

"మా ఎనుములు బాగానే ఉండాయి. నీ ఆవుకు దిష్టి తగిలితే ఊర్లో గొడ్లన్నిటికీ గులకరాళ్ళు పెట్టమంటావా? పదవే, పక్కూరి మిషనుకు పోదాం."

గంప వీధి మలుపు తిరిగింది. దాని వెనకే ఇంకో రెండు గంపలు తిరిగాయి. మెత్తన పోయిందన్న పుకారుకు కాళ్ళు ఎక్కువ. ఇన్నేండ్లుగా మెత్తగా మెత్తగా అని ఊరికి నేర్పింది ఎవరు? రామాంజినమ్మ గడపలో నిలబడి ఎవరిని తిట్టాలో తెలియక కొంగు దులుపుకుంది. పిండి లేచి మళ్ళీ ఆమె మీదే పడింది.

ఇంట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నె. గాటిపాటలో కుళ్ళాయప్ప చుక్క పక్కన చతికిలబడి, గరిటెతో ఏదో ఊదుతున్నాడు.

"ఏంది అది?"

ఆయన గరిటె వెనక్కి దాచాడు. సంగటి వాసన దాగుతుందా?

"ఏందయ్యా అది! జాకబ్ చెప్పింది చెవిన పడలేదా నీకు? నేను ఆడ రాళ్ళతో కొట్లాడతాండా, నువ్వు ఈడ దానికి విషం ఊది చల్లారుస్తాండావా?"

"ఆకలితో ఉండాదే అది" అన్నాడు. "నమిలే ఓపిక యాడుండాది దానికి? మా అమ్మకు మంచాన పడినప్పుడు ఇట్లనే గదా పెడితిని. మెత్తగా ఊది పెడితే తినె."

రామాంజినమ్మ అత్తకు చివరిదాకా ముద్ద మెత్తగా చేసి పెట్టింది మొగుడి చెయ్యే. ఆ పిండి పట్టింది తన చెయ్యి. ఆమె కూడా కింద కూర్చుంది. గరిటె మెల్లగానే లాక్కుంది. ఆ మెత్తన ఎంతోసేపు ఉండలేదు.

"మీ అమ్మకు ఒక కడుపు. దీనికి నాలుగు! నాలుగింటికీ నువ్వు ఊదుతా కూర్చుంటావా? పో, పోయి సొప్ప నరుకు. వేలంత పొడుగు. నీ వేలంత, పిల్లోళ్ళ వేలంత గాదు. దాని పండ్లు దానికి దేవుడు ఊరికే పెట్టలేదు."

ఆయన లేచాడు. వాకిట్లో కత్తిపీట ముందేసుకుని, ఒక్కొక్క సొప్పదంటునూ వేలికి ఆనించి కొలుచుకుంటూ నరకడం మొదలుపెట్టాడు.

"కొలిచేదానికి టైలరువా నువ్వు? బిరీన నరుకు!"

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. జాకబ్ వచ్చి సోడా పోసేవాడు, పిడికిలి పెట్టి చూసేవాడు, తల ఊపి పోయేవాడు. చుక్క లేచి నిలబడింది. నీళ్ళు తాగింది. సొప్పను మూతితో అటూ ఇటూ జరిపింది. దవడ మాత్రం ఆడలేదు. కుళ్ళాయప్ప గాటిపాట గడప దాటలేదు. రామాంజినమ్మ మిషను పెట్టి మధ్యలో ఆపి వచ్చి చూసి పోయేది. జొన్నలు సగంలో ఆగితే గంపలవాళ్ళు సణిగేవారు. "సణగండి. మీ పిండి యాడికీ పారిపోదు" అనేది.

ఆమె గురించి, ఆ మిషను గురించి రాసుకుంటానని ఒక మనిషి ఊళ్ళోకి వచ్చింది ఆ రోజుల్లోనే, ఒక పొద్దున. గింజలు పోసే డబ్బా నుంచి మొదలుపెట్టి రామాంజినమ్మ అన్నీ విసుక్కుంటూనే చెప్పింది. మామ చెవులు, కక్కు, పౌడరు, హేమలత గొట్టం, నారాయణమ్మ మిరపకాయలు. చెబుతూ చెబుతూ గుప్పెడు విరిగిన జొన్నలు తెచ్చి చూపించింది. "చూడు, ఇట్ల ఉండల్ల. ఈ మాత్రానికి నా మిషను చెడిందంట!" మాట్లాడుతూనే ఉన్నట్టుండి ఆగింది. చెయ్యెత్తి వచ్చిన మనిషిని కూడా ఆగమంది.

గాటిపాటలో నుంచి ఏమీ వినిపించలేదు. ఆమె మాత్రం ఏదో విన్నట్టే అటు నడిచింది. వచ్చిన మనిషీ ఆమె వెనకే.

కుళ్ళాయప్ప గోడకు ఆనుకుని, కూర్చున్నచోటే నిద్రపోయాడు, ఒళ్ళో సొప్పముక్కలతో. చుక్క నిలబడి ఉంది. దాని గొంతు కిందనుంచి ఏదో చిన్న ఉండ పైకి ఎక్కడం తోలు మీద కనపడింది, నేల కింద నీరు కదిలినట్టు. దవడ ఒక పక్కకు జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది. ఆగలేదు. చొంగ ఒక తీగలాగా సాగి, ఎండలో మెరిసి, తెగింది. నుదుటి మచ్చ కింద కండ్లు సగం మూతపడి, ఆవు ఎక్కడో దూరం చూస్తున్నది.

రామాంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కనురెప్పల మీది పిండి తడిసి, రెండు గీతలుగా చెంపల మీదికి దిగింది. మొగుణ్ణి లేపబోయి ఆగింది. తర్వాత ఆమె వెనక్కి తిరిగి చూసింది. రాసుకునే మనిషి ఇంకా కండ్లార్పకుండా ఆవునే చూస్తూ నిలబడి ఉండటం చూసి, ఆమె మొహంలోకి పాత విసుగంతా తిరిగి వచ్చింది.

"ఏమప్పా, అట్ల గుడ్లప్పగించి చూస్తావు? ఎవురన్నా చూస్తాంటే సిగ్గుపడి నిలిపేస్తాది అది. పో, పక్కకు పో, దాన్ని నమలనీ."